ఏటిగట్టు ఊళ్లారా, మీకు దణ్ణం

ధవళేశ్వరం దాటితే గోదావరి ఒంటరిగా నడవదు. ఎడమకు గౌతమి అవుతుంది, కుడికి వశిష్ఠ అవుతుంది. కొంతదూరం పోయాక వశిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. ఏడుగురు ఋషులు తలా ఒక పాయ పట్టుకుపోయారని పెద్దల కథ. పాయకూ పాయకూ నడుమ, పాయకూ కడలికీ నడుమ, ఏటికేడు ఒండ్రు దిగి, ఒండ్రు మీద ఒండ్రు పేరుకుని నేల పుట్టింది. ఆ నేల మీద మీరు పుట్టారు. ఆత్రేయపురం, పాలకొల్లు, పసలపూడి, పోలమూరు, కడియం, మండపేట, అంబాజీపేట, నరసాపురం, అంతర్వేది, కోరంగి! వరసగా పలికితే చాలు, చెప్పులు లేని కాళ్లకు గట్టు మట్టి మళ్లీ తగులుతుంది.

బడిలో మాకు చెప్పిన చరిత్రలో మీరు లేరు. రాజరాజనరేంద్రుడు ఒక పేరాలో వచ్చి, నన్నయ గారిచేత భారతం తెనిగింపచేసి, పేరా చివరికల్లా వెళ్లిపోయేవాడు. ఆ తరవాత యుద్ధాలు, సంధులు, గవర్నర్ జనరళ్లు. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారో, మా రావిచెట్టు కింద అరుగు ఎవరు కట్టించారో ఏ పరీక్షలోనూ అడగలేదు. ఆ పాఠం మాకు ఇంటి అరుగు మీద, రాత్రి అన్నాలయ్యాక, చీకట్లో అందింది. అమ్మమ్మ చెప్పేది, తాతయ్య మధ్యలో దిద్దేవాడు, పక్కింటి మామ్మ గోడ అవతలనుంచే ఇంకో మాట కలిపేది. ముగ్గురివీ మూడు దారులు. అయినా మా ఊరు మాకు అలాగే తెలిసింది.

మీ లెక్క నీటి లెక్క. ఇక్కడ ఎవరి వయసైనా సంవత్సరంతో చెప్పరు. "మొన్నటి పుష్కరాలకి చంకనెత్తుకుని తిప్పాం నిన్ను" అంటారు. "ఎనభై ఆరు వరదకి మీ పెద్దన్నయ్య పాలు తాగే పిల్లాడు" అంటారు. "తొంభై ఆరు తుపానుకి నువ్వు కడుపులో ఉన్నావు" అంటారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పోయింది గోదావరి. ఆ అంకె ఇంజినీర్ల పుస్తకంలో ఉంటుంది. లంక ఊళ్లలో అది ఇంటి గోడ మీద ఉంటుంది. ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది నీళ్లు అని చేతితో తాకి చూపిస్తారు. ఆ చెయ్యి ఆగిన చోటు నాకు శాసనమే. ద్రాక్షారామం గుడి గోడల మీదా రాతి స్తంభాల మీదా వందల శాసనాలున్నాయి, దీపానికి గొర్రెల్నీ ఆవుల్నీ ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. వరద గీతకు మాత్రం రాయి ఎవరూ ఇవ్వలేదు. సున్నం వేసిన ప్రతిసారీ ఆ గీత చెరిగిపోతుంది. చెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్లీ చెయ్యి పెట్టి చూపిస్తారు.

కాలువలారా, మిమ్మల్ని ఎంత పొగిడినా నాకు చాలదు. మా పిల్లతనం మీ గట్టు మీదే గడిచింది. ఎండాకాలం మరమ్మతులకని కాలువ కట్టేసేవారు. నీళ్లు తీసేసిన కాలువలో అక్కడక్కడా మడుగులు మిగిలేవి. గంపలు పట్టుకుని దిగేవాళ్లం. మట్టగుడిసెలు, కొర్రమీనులు, మోకాలిదాకా బురద, ఒడ్డున ఎవరింట్లోంచో అరుపులు. అడుగున పాత పెంకులు దొరికేవి, తుప్పు పట్టిన గొలుసు ముక్కలు దొరికేవి, ఎప్పుడో మునిగిన పడవ బల్ల ఒకటి తేలేది. మృగశిర దగ్గర పడేసరికి ఒకటే ఎదురుచూపు. "కాలువ వదిలారట!" అని ఎవడో సైకిలు మీద అరుస్తూ పోయేవాడు. పరుగు పరుగున వెళ్లి నిలబడేవాళ్లం. నీళ్లు వచ్చేవి. ముందు నీళ్లుగా రావు. ఎండుటాకులూ గడ్డిపరకలూ చీమలూ నురగా కలిసిన అంచు ఒకటి నెమ్మదిగా పాకుతూ వచ్చేది. ఆ అంచుతో సమానంగా గట్టెమ్మట నడిచేవాళ్లం. తూము దగ్గర ఆగి, బోదెలోకి తొలి ధార పడే చప్పుడు వినేవాళ్లం. ఆ చప్పుడు విన్న రైతు ముఖం చూశాను నేను. ఆ ముఖాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు నిండిపోతుంది.

లాకులు ఉన్న ఊళ్లు మరీ అదృష్టవంతులు. ధాన్యం బస్తాలతో వచ్చిన పడవ లాకులోకి చేరేది. వెనక తలుపులు మూసేవారు. ముందు తూములు తెరిచేవారు. నీరు దిగేది, నీటితోబాటు పడవ దిగేది, పడవ మీద పొయ్యి, పొయ్యి మీద అన్నం కుండ, కుండ పక్కన కూచున్న మనిషి అందరూ మెల్లగా మా కళ్ల ముందే కిందికి దిగేవారు. తరవాత ముందు తలుపులు తెరుచుకునేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, గెడ చాలకపోతే నడుముకు తాడు కట్టుకుని గట్టు మీద వంగి నడిచే మనుషులు. రైలూ బస్సూ ఇంత రాకముందు చుట్టరికాలన్నీ ఈ నీటి మీదే నడిచాయి. పెళ్లివారు పడవల్లో వెళ్లారు, పుస్తకాలు పడవల్లో వచ్చాయి. రాజమండ్రి సరుకు కాకినాడకూ నరసాపురానికీ కాలువ దారినే చేరింది. లాకుల దగ్గర లస్కరు ఇల్లు, ఇంటి ముందు నిద్రగన్నేరు చెట్టు, చెట్టు కింద ఎవరో ఒక బాటసారి. ఆ లస్కర్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. రాత్రివేళ వరదనీటిని కాపలా కాసిన చేతులవి. వాళ్లకు వేరే దణ్ణం.

గన్నవరమా! నీ దగ్గర నది మీద కాలువ ప్రవహిస్తుంది. కింద వైనతేయ, పైన అక్విడక్టు, అక్విడక్టులో కాలువ. కింది నీరు సముద్రానికి పోతుంది, పైనీరు అవతలి లంక పొలాలకు పోతుంది. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో కట్టిన పని అది. చిన్నప్పుడు పిట్టగోడ పట్టుకుని ఒకసారి కిందికీ ఒకసారి పైకీ చూస్తూ ఎంతసేపు నిలబడేవాళ్లమో. పాతది అలసిపోయాక పక్కన కొత్తది కట్టి, దానికి ఏ మంత్రి పేరూ పెట్టకుండా డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. సరైన పేరు అది. 1841లో మండపేటలో పుట్టి గన్నవరం కోడలై వచ్చిన ఆ తల్లి, ఏరు దాటడానికి ఆగినవాళ్లకు వేళ చూడకుండా కులం అడగకుండా అన్నం పెట్టింది. 1909లో కన్నుమూసే దాకా పెడుతూనే ఉంది. గోదావరి జిల్లాల్లో ఈరోజుకీ ఎవరింటికి వెళ్లినా "ఆయ్, ముందు భోంచేయండి, తరవాత మాట్లాడుకుందాం" అంటారు కదా, ఆ మాట వెనక ఆమె పొయ్యి వెలుగు ఉందని నమ్ముతాను.

ధవళేశ్వరమా, నీ కొండరాయి లేకపోతే ఇదంతా లేదు. 1830ల మొదట్లో కరువు, 1839లో ఉప్పెన. గోదావరి ఒడ్డునే ఉండి గింజ లేక మనుషులు వలసపోయిన కాలం. అప్పుడు బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ వచ్చి నదిని కొలిచాడు. 1847లో పని మొదలైంది, 1852కి ఆనకట్ట నిలిచింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలుగా నది అడ్డంగా. రాయి పక్కనే ఉన్న కొండది, సున్నం ఇక్కడిది, మోసిన భుజాలు ఇక్కడివి. కూలీలను కూడగట్టి, పనిని నడిపించిన వీణెం వీరన్నను ఊళ్లు ఇంకా గట్టిగా తలుచుకోవాలి. కాటన్ విగ్రహం లేని ఊరు ఈ డెల్టాలో వెతకాలి. ఒకచోట గుర్రం మీద ఉంటాడు, ఒకచోట అరుగు మీద నిలబడి ఉంటాడు, ఆయన పుట్టినరోజైన మే 15న అన్ని విగ్రహాలకీ దండ పడుతుంది. పాలించిన జాతివాడి విగ్రహానికి పాలితులే చందాలు వేసుకుని దండ వేసే చోటు ప్రపంచంలో ఎక్కువ ఉండదు. దొర తెల్లవాడా నల్లవాడా అని చూడలేదు ఈ నేల, నీళ్లు ఇచ్చాడా లేదా అని చూసింది. ఇంగ్లండులో డార్కింగ్ అనే చిన్న పట్టణంలో ఆయన సమాధి ఉంది. అక్కడ ఉండే తెలుగువాళ్లు పూలు పట్టుకుని వెళ్తుంటారు.

రాజమహేంద్రవరమా, నిన్ను ఊరనాలా, నగరమనాలా? నీ సందులు ఊరివే. ఆ సందుల్లో ఒక ఇంట్లో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు వితంతువుకు పెళ్లి చేయించారు. అప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. ఇప్పుడు అదే ఊరు ఆయన పేరు చెప్పి పిల్లల్ని బడికి తీసుకెళ్లి ఆ ఇల్లు చూపిస్తుంది. ఆ గౌతమీ గ్రంథాలయం, పాత కాగితం వాసన. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి అలసిన హేవలాక్ వంతెన. కొవ్వూరు వైపునుంచి రైలు వంతెన మీదికి రాగానే ఆడవాళ్లు కొంగున ముడివేసిన చిల్లర తీసి కిటికీలోంచి విసిరేవారు, పిల్లలకు తలా ఒక పైసా ఇచ్చి విసరమనేవారు. ఆ పైసా నీళ్లలో పడిందా, ఇనుప దూలానికి తగిలిందా అని చెవి పెట్టి వినేవాళ్లం.

నీ ఆర్ట్స్ కాలేజీకి ఆస్వల్డ్ కూల్డ్రే అనే ప్రిన్సిపాలు వచ్చాడు. ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున అబింగ్డన్ అనే ఊరివాడు. నది ఒడ్డున పెరిగినవాడికి ఇంకో నది ఒడ్డు పరాయిది కాలేదు. బొమ్మలు వేసే కుర్రాళ్లను వెతికి దగ్గరికి తీశాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన కనిపెట్టిన పిల్లలు. రామారావును బొంబాయి పంపి చదివించడానికి ఆయన పడిన తపన అంతా ఇంతా కాదు. రామారావు తిరిగి వచ్చి నీ గట్టు మీదే కుంచె పట్టాడు, తనలాంటి యువకులను చుట్టూ చేర్చుకున్నాడు, 1925లో మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆ బొమ్మలు నీ ఊళ్లోనే ఒక చిత్రశాలలో ఉన్నాయి. కూల్డ్రే తన ఊరికి వెళ్లిపోయాక 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' అని పుస్తకం అచ్చువేశాడు. ఎక్కడి అబింగ్డన్, ఎక్కడి రాజమండ్రి! ఒక మేష్టారు మనసులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇంగ్లండునుంచి నరసాపురానికి ఇంకో దారి ఉంది. 1836లో డెవన్ ప్రాంతపు బార్న్‌స్టపుల్ నుంచి జార్జి బీర్, విలియం బౌడెన్ అనే ఇద్దరు భార్యలతో ఓడెక్కి వచ్చి, నరసాపురం పాలకొల్లు పక్కన మిషను పెట్టారు. ఆ తరవాతి ఏళ్లలో మిషను ఆడవాళ్ల చేతులనుంచి లేసు అల్లిక ఈ ఊళ్ల ఆడవాళ్ల చేతుల్లోకి వచ్చింది. అరుగు మీద, చూరు నీడలో, పనులన్నీ తెమిలాక కొక్కెం సూది తీసేవాళ్లు. పువ్వులు ఒకరు అల్లితే అతుకుపని ఇంకొకరిది. మాట ఆగేది కాదు, సూది ఆగేది కాదు. ఆ తెల్లని అల్లికలు ఓడలెక్కి యూరపు బల్లల మీద పరుచుకున్నాయి. అల్లిన చేతికి దక్కింది మాత్రం చాలా తక్కువ. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వచ్చి, అరుగుల మీద వాళ్ల పక్కనే కూచుని, ఖాళీగా కూచునే ఇల్లాళ్లని లోకం అనుకుంటున్నవాళ్లు నిజానికి రోజంతా పనిచేసే కార్మికులని 1982లో పుస్తకం రాసి చెప్పింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి రేటుకు కూడా అలాంటి గుర్తింపు రావాలి.

కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల రుద్రులు ప్రభలెక్కి వస్తారు. గుడి లేదు, పందిరి లేదు, కొబ్బరితోట. గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలువలో దిగి, మనుషుల భుజాల మీద దాటి, పచ్చని వరిచేల మధ్యనుంచి వస్తాయి. చేను తొక్కారని ఏ రైతూ అనడు, తన చేలోంచి వెళ్లాలని కోరుకుంటాడు. ఇక ఆత్రేయపురం పూతరేకు, తాపేశ్వరం కాజా, ఎర్రనీరు వచ్చాక ఎదురీదే పులస. వాటి సంగతి నాలికకు తెలుసు, నేను చెప్పేది లేదు.

కోరంగీ, నీ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గుతుంది. ఒకప్పుడు నీ రేవులో ఓడలు కట్టేవారు, చెడిన ఓడలు బాగుచేసేవారు. నీ రేవునుంచి తెలుగువాళ్లు బర్మా వెళ్లారు. రంగూన్ వీధుల్లో ఆ జనాన్నంతా ఏ జిల్లావాడైనా సరే కోరంగీలనే పిలిచారు. అంత పేరున్న నిన్ను 1839 నవంబరు ఉప్పెన తుడిచిపెట్టింది. రేవు పూడింది, వర్తకం కాకినాడకు జరిగింది. ఇప్పుడు నువ్వు మడ అడవివి. పర్యాటకులు పడవ మీద వచ్చి పక్షులను చూసి వెళ్తారు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లకు నీ 1839 ఎలా ఉండి ఉంటుందో తెలిసింది. ముందు ఒక వైపునుంచి గాలి. తరవాత ఏమీ లేని కాసేపు. ఆ కాసేపట్లో అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్లున్నారు. తరవాత రెండో వైపునుంచి గాలి. తెల్లారి చూస్తే ఆకాశం ఎక్కువైంది. కొబ్బరిచెట్లు లేవు. తాత నాటినవి, తండ్రి కాపు తిన్నవి, కొడుకు పెళ్లికి దింపు డబ్బులిస్తాయనుకున్నవి, అన్నీ తలలు ఒకే వైపు పెట్టుకుని పడి ఉన్నాయి. దింపు తీసే మనిషి తోటలోకి వచ్చి, ఎక్కడానికి చెట్టు లేక, పడిన చెట్టు మీదే కూచుండిపోయాడు. బలుసుతిప్ప, భైరవపాలెం మత్స్యకారులు ఎందరో సముద్రంనుంచి తిరిగి రాలేదు. కొబ్బరిమొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. ఆ శీతాకాలమే మళ్లీ గోతులు తవ్వారు, మొక్కలు నాటారు. మా ఊళ్లారా, మీకు పెట్టే దణ్ణాల్లో పెద్దది ఆ గోతులు తవ్విన చేతులకే.

ఈ పాట పాడింది నేనొక్కడినే కాదు. పోలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు చదువు కోసం ఊరినుంచి ఊరికి నడిచిన తన కుర్రతనాన్ని 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో రాసిపెట్టారు. చూపు పోయిన చిలకమర్తి వారు తన జీవితాన్ని నోటితో చెప్పి రాయించారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి, నరసాపురంలో పుట్టిన బాపు ఈ గట్ల మీది పిల్లల్నీ పెద్దల్నీ మనకు ఇచ్చారు. వంశీ పసలపూడిని కథలుగా మార్చాడు. ఆ అయిదారు ఊళ్లకు రాసినవాళ్లు దొరికారు. మిగతా వందల ఊళ్లకు?

రెండు వందల ఏళ్ల కిందట స్కాట్లండులో స్టోర్నవే అనే దీవి ఊరినుంచి వచ్చిన కాలిన్ మెకంజీ, ఏలూరుకు చెందిన కావలి సోదరులను తోడు పెట్టుకుని ఊరూరి కైఫీయతులు పోగు చేయించాడు. కరణాలను అడిగి, గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వారు, ఏ పంట పండుతుంది, ఏ కథ చెప్పుకుంటారు అని రాయించాడు. ఆ కాగితాలు లేకపోతే చాలా ఊళ్లకు గతమే లేదు. డార్కింగ్‌కు మ్యూజియం ఉంది, అబింగ్డన్‌కు ఉంది, బార్న్‌స్టపుల్‌కు ఉంది. ఇంగ్లండులో చిన్న పల్లె కూడా తన ముసలివాళ్లను కూచోబెట్టి చిన్నప్పటి సంగతులు అడిగి అచ్చువేసుకుంటుంది. గోదావరి ఊళ్లకు ఆ పని మనమే చేయాలి. అరుగులు పడగొట్టి మేడలు కడుతున్నాం. పడవ నడిపిన ఆఖరి మనుషులు ఎనభైల్లో ఉన్నారు. 1942 యుద్ధంలో బర్మానుంచి నడిచి వచ్చినవాళ్లలో మిగిలినవాళ్లు చాలా తక్కువ.

2027లో గోదావరి పుష్కరాలు. మీరు ఎక్కడున్నా ఊరికి వస్తారు, స్నానం చేస్తారు, బంధువులంతా ఒక్కచోట చేరతారు. వచ్చేటప్పుడు ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూచుని, వరద ఎక్కడిదాకా వచ్చిందని అడగండి, కాలువ మీద ఎక్కడికి వెళ్లేవారని అడగండి, చెరువు ఎవరిదని అడగండి. చెప్పినవాళ్ల పేరూ తేదీ వేసి, చెప్పిన మాట చెప్పినట్టే రాసుకోండి. ఒక ప్రతి ఊరి లైబ్రరీలో ఇవ్వండి.